భిన్నాల కూడిక: వీసం నుంచి క.సా.గు. దాకా

రెండు లేదా అంతకంటే ఎక్కువ భిన్నాలను కలిపి ఒకే భిన్నంగా చెప్పడమే భిన్నాల కూడిక. హారాలు ఒకటే అయితే వాటిని సజాతి భిన్నాలంటారు. లవాలను కూడితే చాలు. హారాలు వేరైతే విజాతి భిన్నాలు. ముందు వాటిని ఒకే హారానికి తెచ్చుకుని ఆ తర్వాత కూడాలి. పాఠ్యపుస్తకంలో ఇది నాలుగైదు పేజీల సంగతి. సాధారణంగా అయిదో తరగతిలో సజాతి భిన్నాలు, ఆరో తరగతి వేళకు విజాతి భిన్నాలు వస్తాయి. అయితే ఎక్కాలూ తీసివేతలూ చకచకా చేసే పిల్లలు తొలిసారి తడబడేది చాలా బడుల్లో ఈ పాఠం దగ్గరే.

ఈ వ్యాసం ఆ పాఠం బోధనను కర్నూలు జిల్లా పడమటి కొస నుంచి, అంటే మద్దికెర, ఆదోని, ఎమ్మిగనూరు పల్లెల వైపు నుంచి చూస్తుంది. అందుకు కారణం ఉంది. మద్దికెర పేరులోని 'కెర' కన్నడంలో చెరువు. ఇక్కడి పిల్లల చెవిన రెండు భాషల భిన్నాలు పడతాయి. తొలకరి వానలు పడగానే మద్దికెర, తుగ్గలి, జొన్నగిరి చేలల్లో జనం వజ్రాలు వెతుకుతారు. దొరికిన రాయి ముప్పావు క్యారెట్టా, పావు క్యారెట్టా అన్నదాన్ని బట్టి ధర మారిపోతుంది. క్యారెట్ అంటే 200 మిల్లీగ్రాములే, దాన్ని మళ్లీ 100 పాయింట్లుగా విడగొడతారు. భిన్నం విలువేమిటో ఇక్కడ ఎవరూ ఎవరికీ చెప్పనక్కర్లేదు. చెప్పాల్సింది కూడిక ఒక్కటే.

పేరులోనే హారం

తెలుగులో భిన్నాన్ని పలికే తీరు బోధనకు పెద్ద ఆస్తి. '3/5'ను తెలుగువాడు 'అయిదింట మూడు వంతులు' అంటాడు. ముందు హారం, తర్వాత లవం. ఎన్ని భాగాలు చేశామో చెప్పాకే ఎన్ని తీసుకున్నామో చెబుతాం. 'అయిదింట రెండు వంతులు, అయిదింట ఒక వంతు కలిపితే ఎంత?' అని అడిగితే భిన్నాల పేరే వినని పిల్ల కూడా 'అయిదింట మూడు వంతులు' అంటుంది. మూడు మామిడికాయలు, రెండు మామిడికాయలు అన్నట్టే. 'వంతు' ఇక్కడ వస్తువు పేరు.

బడిలో దీన్ని మనమే చెడగొట్టుకుంటాం. 'మూడు బై అయిదు' అనో 'త్రీ బై ఫైవ్' అనో చదివించగానే వంతు మాయమై, మధ్య గీతతో రెండు అంకెలు మిగులుతాయి. రెండు అంకెలు కనిపిస్తే పైవాటిని పైవాటితో, కిందవాటిని కిందవాటితో కూడాలనిపించడం సహజం. 2020-21 నుంచి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ పాఠ్యపుస్తకాల్లో ఒక పేజీ తెలుగు, ఎదురు పేజీ ఇంగ్లిష్ వస్తున్నాయి. ఆ ఎదురెదురు పేజీలను ఈ పాఠానికి వాడుకోవచ్చు: ఇంగ్లిష్ పేజీలోని లెక్కను తెలుగు వంతుల్లో బిగ్గరగా చదివిస్తే సగం తప్పులు నోటి దగ్గరే ఆగిపోతాయని ఈ వ్యాసకర్త నమ్మకం.

మరో చిత్రం. 'పని మూడొంతులు అయిపోయింది' అంటే మనకు నాలుగింట మూడు వంతులు అని అర్థం. నాలుగు అన్న మాట ఎవరూ అనలేదు, అయినా అందరికీ తెలుసు. పాదం నుంచి పావు, పాతిక వచ్చాయి. సరిహద్దు అవతలి కన్నడంలో పావును 'కాలు' అంటారు, ముప్పావును 'ముక్కాలు' అంటారు. నాలుగు కాళ్ల జీవిలో ఒక కాలు. రెండు భాషలకూ భిన్నమంటే మొదట గుర్తొచ్చేది నాలుగే.

వీసాల మెట్లు

ఆ నాలుగు మీదే పాత తెలుగు లెక్క మొత్తం నిలబడింది. ఒకటిలో నాలుగో వంతు పాతిక. పాతికలో నాలుగో వంతు వీసం, అంటే 1/16. వీసంలో నాలుగో వంతు కాని, అంటే 1/64. నడుమ అర, పరక (1/8) వంటివి సగాల పేర్లు. రాతలో పాతికలకు నిలువు గీతలు, వీసాలకు అడ్డగీతలు, మళ్లీ కానులకు నిలువు గీతలు. గీతల సంఖ్య ఒకటి నుంచి మూడు. ఏమీ లేని చోట పెట్టే గుర్తు హళ్లి. 19వ శతాబ్దంలో సి.పి. బ్రౌన్ తన తెలుగు వ్యాకరణంలో ఈ గుర్తులను వివరించాడు. 2008లో యూనికోడ్ 5.1లో వీటికి కంప్యూటర్ సంకేతాలు కూడా వచ్చాయి. ఫోన్‌లో వీటిని టైపు చేసేవారు మాత్రం కనిపించరు.

ఇందులో కూడిక ఎంత సులువో చూడండి. 'ముప్పాతిక మువ్వీసం' అన్న జాతీయం అందరికీ తెలిసిందే, దాదాపు అంతా అని అర్థం. లెక్కలో అది మూడు పాతికలు, మూడు వీసాలు, అంటే 15/16. దానికి పాతిక రెండు వీసాలు, అంటే 6/16 కలపాలనుకుందాం. మూడు వీసాలూ రెండు వీసాలూ అయిదు. నాలుగు వీసాలు ఒక పాతిక అవుతుంది, ఒక వీసం మిగిలింది. మూడు పాతికలు, ఒక పాతిక, ఇప్పుడు వచ్చిన పాతిక కలిసి అయిదు. నాలుగు పాతికలు ఒకటి, ఒక పాతిక మిగిలింది. మొత్తం ఒకటింపావు మీద వీసం. హారం మాటే లేదు, క.సా.గు. (కనిష్ఠ సామాన్య గుణిజం) అసలే లేదు. ఒకట్లు పదులైతే పక్క స్థానానికి చేరినట్టు ఇక్కడ వీసాలు నాలుగైతే పాతికకు చేరతాయి. రెండో తరగతి కూడికే ఇది.

పదహారణాల రూపాయి ఈ మెట్ల మీదే నడిచింది. రూపాయిలో పాతిక పావలా, పరక బేడ, వీసం అణా, కాని కాణీ. పై లెక్కను పదిహేను అణాలు, ఆరణాలు కలిపితే ఇరవై ఒక్క అణాలు, అంటే రూపాయి అయిదణాలు అని సంతలో ఎవరైనా చెప్పేవారు. వీధిబడుల్లో ఎక్కాలతో పాటు అర, పాతిక, వీసం ఎక్కాలు కూడా వల్లె వేయించడానికి కారణం ఇదే. బజారుకు వెళ్లే పిల్లవాడికి కావలసినవి అవే.

1957 ఏప్రిల్ 1న రూపాయి వంద నయాపైసలైంది. మరుసటి ఏడాది నుంచి కిలోలు, లీటర్లు రావడం మొదలైంది. పావలా పేరు నిలిచింది కానీ నాలుగణాలకు బదులు 25 పైసల బిళ్ల అయింది. 2011 జూన్ 30తో ఆ బిళ్ల చెల్లుబాటు కూడా పోయింది. నేటి పిల్ల అరకిలో, పావుకిలో కలిపితే ముప్పావు కిలో అని చెప్పగలదు, కానీ మనసులో చేసేది 500, 250 కలపడం. అదీ సామాన్య హారమే, వెయ్యి హారం. ఎకరా వంద సెంట్లు గనక అర ఎకరా, పావు ఎకరా కలిపితే డెబ్బై అయిదు సెంట్లనడమూ అంతే. హారం కనబడకుండా లోపల ఉండి పని చేసి వెళ్లిపోతుంది.

మూడో వంతు దగ్గర

పాత మెట్లకు ఒక చోట కాలు జారుతుంది. ఒక రూపాయిని ముగ్గురికి పంచాలి. అయిదేసి అణాలిస్తే ఒక అణా మిగులుతుంది. అణాను నాలుగు కాణీలు చేసి ఒక్కొక్కటి ఇస్తే ఒక కాణీ మిగులుతుంది. ఆ కాణీని నాలుగు చేస్తే మళ్లీ ఒకటి మిగులుతుంది. పాతిక, వీసం, కాని, ఇలా ఎంత దూరం దిగినా మూడో వంతు తేలదు. ప్రతి మెట్టు మీదా ఒకటి మిగిలిపోతూనే ఉంటుంది. బ్రిటిష్ కాలపు నాణేల్లో దీనికో విరుగుడు ఉండేది: అణాకు పన్నెండు పైలు. 192 పైల రూపాయికి మూడో వంతు అయిదణాల నాలుగు పైలు, పావలా నాలుగణాలు, కలిపితే తొమ్మిదణాల నాలుగు పైలు. పన్నెండులో మూడూ నాలుగూ రెండూ ఇమిడి ఉన్నాయి గనకే ఇది కుదిరింది.

పాఠం మలుపు తిరగాల్సిన చోటు ఇదే. చాలా తరగతి గదుల్లో క.సా.గు. ముందు వస్తుంది, దాని అవసరం ఎప్పటికీ రాదు. నల్లబల్ల మీద నిచ్చెన వేసి 2, 3 లతో హారాలను భాగిస్తూ పోవడం పిల్లలకు బాగానే వస్తుంది. అదెందుకో మాత్రం తెలియదు. ముందు పావులూ సగాలూ కూడించి, ఆ తర్వాత ముగ్గురికి పంచమంటే పిల్లలే చిక్కులో పడతారు. మూడుకూ నాలుగుకూ కుదిరే నాణెం ఎక్కడ దొరుకుతుందని వాళ్లే అడుగుతారు. అప్పుడు చెప్పిన క.సా.గు.ను మర్చిపోవడం కష్టం.

కళాసవర్ణం

ఈ చిక్కుకు శాస్త్రంగా జవాబు చెప్పినవారిలో ఒకరు మనకు దూరం వాడు కాదు. ఆదోనికి ఉత్తరాన, నేటి కలబురగి జిల్లాలోని మల్ఖేడ్ ఆనాటి మాన్యఖేటం. అది రాష్ట్రకూటుల రాజధాని. అమోఘవర్ష నృపతుంగుడి కాలంలో, క్రీ.శ. 850 ప్రాంతంలో, జైనుడైన మహావీరాచార్యుడు సంస్కృతంలో 'గణితసార సంగ్రహం' రాశాడు. అందులో భిన్నాల ప్రకరణం పేరు 'కళాసవర్ణం'. కళ అంటే భాగం. చంద్రుడికి పదహారు కళలు, మన వీసాలూ పదహారే. సవర్ణం అంటే ఒకే రకంగా చేయడం. వేరువేరు భాగాలను ఒకే తీరుకు తేవడమే భిన్నాల కూడిక అని ప్రకరణం పేరే చెబుతోంది. మన బడిలోని 'సజాతి' కూడా అదే భావం.

అంతకు ముందు 628లో బ్రహ్మగుప్తుడు హారాలను ఒకదానితో ఒకటి గుణించి కూడే పద్ధతి ఇచ్చాడు. అది ఎప్పుడూ పనిచేస్తుంది కానీ అంకెలు పెరిగిపోతాయి. 1/6, 1/8 కూడాలంటే హారం 48 అవుతుంది, లవం 14. మహావీరుడు 'నిరుద్ధం' అనే మాట వాడి, హారాల ఉమ్మడి కారణాంకాలను ఒక్కసారే తీసుకోమన్నాడు. అప్పుడు హారం 24తోనే సరిపోతుంది, జవాబు 7/24. మనం క.సా.గు. అనేది దాన్నే. ఈ గ్రంథాన్ని ఎం. రంగాచార్య ఇంగ్లిష్ అనువాదంతో 1912లో మద్రాసులో అచ్చు వేయించాడు. ఎన్‌సీఈఆర్‌టీ 2024లో తెచ్చిన ఆరో తరగతి 'గణిత ప్రకాశ్'లో బ్రహ్మగుప్తుడి పద్ధతి ప్రస్తావన ఉంది.

తెలుగుకు ఈ విద్య పావులూరి మల్లన ద్వారా వచ్చింది. మహావీరుడి గ్రంథాన్ని ఆయన తెలుగు పద్యాల్లోకి మార్చాడు. 'పావులూరి గణితం'గా పేరుపడింది. మల్లన 11వ శతాబ్దం వాడని ఎక్కువమంది అభిప్రాయం. లెక్కల పుస్తకాన్ని పద్యంలో రాయడం నేడు వింతగా అనిపించవచ్చు. తాళపత్రం ఒక్కటే ఉన్న చోట పదిమంది నోట నిలవాలంటే పద్యం కన్నా మంచి దారి లేదు.

ఇతర నాగరికతలు వేరే దారులు తొక్కాయి. క్రీ.పూ. 1550 ప్రాంతపు రైండ్ పపైరస్‌లో ఈజిప్షియన్లు 2/3ను మినహాయిస్తే భిన్నాలన్నింటినీ లవం ఒకటిగా ఉన్న భిన్నాల మొత్తంగానే రాసుకున్నారు.

వీధిబడి

1822లో మద్రాసు గవర్నర్ థామస్ మన్రో ప్రెసిడెన్సీలోని బడుల వివరాలు రాబట్టాడు. బళ్లారి కలెక్టరు ఎ.డి. క్యాంప్‌బెల్ 1823లో పంపిన నివేదిక వాటిలో ప్రసిద్ధమైంది. ఆదోని, పత్తికొండ వైపు పల్లెలు అప్పుడు బళ్లారి జిల్లాలోనివే. పత్తికొండ 1858లో, ఆదోని 1953లో కర్నూలు వైపు చేరాయి. జిల్లాలో 533 బడులు, 6,641 మంది విద్యార్థులు ఉన్నట్టు ఆయన లెక్క. తెలుగు బడులూ కన్నడ బడులూ దాదాపు సరిసమానంగా ఉండేవి. ఇసుక మీద వేలితో రాయించడం, ముందున్న పిల్లలతో వెనకబడ్డవారికి చెప్పించడం ఆయనకు బాగా నచ్చాయి. అర్థం తెలియకుండా వల్లె వేయించడం నచ్చలేదు. తెలుగు వ్యాకరణం రాసిన మనిషి కనుక ఆ రెండో మాటను తేలిగ్గా తీసుకోలేం. అయితే పాతిక ఎక్కం విషయంలో ఆ పిల్లలకు ఒక మేలు ఉండేది: బడి దాటగానే బజారులో దాని అర్థం ఎదురయ్యేది. నేటి పిల్లకు క.సా.గు. నిచ్చెన ఎక్కడా ఎదురుకాదు.

రెండు కూడితే అయిదా

భిన్నాల కూడికలో ప్రపంచమంతటా కనిపించే తప్పు ఒకటే: 1/2 + 1/3 = 2/5. అమెరికాలో 1978 జాతీయ విద్యా పరీక్షలో పదమూడేళ్ల వాళ్లను 12/13 + 7/8 సుమారుగా ఎంతో చెప్పమన్నారు. ఒక్కోటీ దాదాపు ఒకటే, కాబట్టి జవాబు 2. అలా చెప్పినవారు 24 శాతం. 28 శాతం 19 అన్నారు, 27 శాతం 21 అన్నారు; అంటే పైవాటినో కిందవాటినో కూడేశారు.

ఈ తప్పును ఎర్ర ఇంకుతో కొట్టేస్తే పోదు. 'సగానికి ఇంకొంచెం కలిపావు కదమ్మా, 2/5 సగం కన్నా ఎక్కువా, తక్కువా?' అని అడిగితే పిల్ల తనే చూసుకుంటుంది. 2/5 సగం కన్నా తక్కువ. కలిపితే తగ్గడమేమిటి? ఈ ప్రశ్న పది లెక్కల సాధన చేసేంత పని చేస్తుంది.

బడి చేసే ఒక పొరపాటు మాత్రం ఎవరూ పట్టించుకోరు. జవాబు పత్రం మీద మాస్టారు 7/10, 8/10 అని వేసి, చివర 15/20 అని కూడతారు. పిల్ల కళ్ల ముందే పైవి పైకి, కిందవి కిందకి! మార్కుల లెక్కలో అది ఒప్పే, ఎందుకంటే అక్కడ రెండు వేరువేరు మొత్తాలు కలిసి ఒక పెద్ద మొత్తం అవుతోంది. ఒక ఆటలో రెండు బంతులకు ఒకటి, మరో ఆటలో మూడు బంతులకు ఒకటి తగిలితే అయిదింటికి రెండు తగిలినట్టే. కానీ ఒకే రొట్టెలో సగం, మూడో వంతు అన్నప్పుడు మొత్తం మారదు. ఈ తేడాను మార్కుల పత్రం పట్టుకునే చెప్పాలి. పిల్ల ఎక్కడ మోసపోయిందో అక్కడే.

రొట్టె, మడి, గడియారం

మద్దికెర ఇళ్లలో జొన్న రొట్టె ఉంటుంది కాబట్టి భిన్నాలకు రొట్టె వాడటం తేలిక. కాకపోతే గుండ్రటి రొట్టె నాలుగుకూ ఎనిమిదికీ పనికొస్తుంది, మూడుకూ అయిదుకూ చేతులెత్తేస్తుంది. ఆ పనికి దీర్ఘచతురస్రం మేలు. చేనులో మడులు వేసినట్టు అడ్డంగా మూడు, నిలువుగా నాలుగు గీసిన కాగితంలో పన్నెండు మడులు వస్తాయి. మూడో వంతు అంటే ఒక అడ్డ వరస, నాలుగు మడులు. నాలుగో వంతు అంటే ఒక నిలువు వరస, మూడు మడులు. వరసల మూలలో ఒక మడి రెండింటిలోకీ వస్తుంది. పిల్లలు దాన్ని ఒక్కసారే లెక్కపెట్టి ఆరు అంటారు. అందుకే రెండు కాగితాలు కావాలి, లేదా మడులను కత్తిరించి పక్కన పేర్చాలి. మొత్తం 7/12. ఇది చాలా ఉపాధ్యాయ శిక్షణల్లో జారిపోయే చిన్న విషయం, కానీ తరగతి గదిలో అరగంట తినేస్తుంది.

అదే లెక్కకు గడియారం ఇంకా దగ్గర దారి. గంటలో మూడో వంతు ఇరవై నిమిషాలు, పావుగంట పదిహేను, కలిపితే ముప్పై అయిదు నిమిషాలు. 35/60 అన్నా 7/12 అన్నా ఒకటే. అరవైలో 2, 3, 4, 5, 6 ఇమిడిపోతాయి గనక తొలి సాధనకు దీన్ని మించిన పరికరం లేదు. ఏడో వంతు వచ్చినప్పుడు గడియారం ఆగిపోతుంది, అప్పుడు కాగితం మీదికి రావచ్చు. పూలమాలలు కొలిచే మూర కూడా బాగుంటుంది: రెండు జానలు మూర, నాలుగు మూరలు బార. జానెడు బారలో ఎనిమిదో వంతు అన్నది తాడు మీద కొలిపించి చూపితే సంఖ్యారేఖ అన్న మాట వాడకుండానే సంఖ్యారేఖ వచ్చేస్తుంది.

సుగ్గి కాలం

ఈ ప్రాంతపు బోధనకు అన్నింటికన్నా పెద్ద అడ్డంకి పాఠంలో లేదు. పంట కోతలకు వలస వెళ్లడాన్ని ఇక్కడ సుగ్గికి పోవడం అంటారు, మాట కన్నడానిది. వానలు సరిగా పడని ఏళ్లలో ఆదోని, ఎమ్మిగనూరు, పత్తికొండ వైపు నుంచి కుటుంబాలు మిరప కోతకూ పత్తి తీతకూ గుంటూరు వైపు కదులుతాయి. పిల్లలూ వెంట వెళ్తారు. వారి కోసం ప్రభుత్వం సీజనల్ హాస్టళ్లు నడుపుతోంది. ఉండిపోయిన పిల్లకు పాఠం సాగుతుంది. వెళ్లిన పిల్ల తిరిగొచ్చేసరికి సజాతి, విజాతి అయిపోయి దశాంశాలు నడుస్తుంటాయి. భిన్నాల పాఠం మెట్ల లాంటిది. నడుమ ఒక మెట్టు లేకపోతే పైది అందదు.

ఆ పిల్ల వట్టి చేతులతో రాదు. తీసిన పత్తి కిలోల్లో తూచడం చూసింది; ముప్పావు కిలో, అరకిలో కలిపితే కిలోంపావు అని దానికి తెలుసు. బ్రెజిల్‌లోని రెసిఫె నగరంలో నూనెస్, కరాహెర్, ష్లీమన్ 1985లో ప్రచురించిన పరిశోధనలో వీధిలో సరుకులమ్మే పిల్లలు బేరంలో దాదాపు అన్ని లెక్కలూ సరిగా చేశారు. అవే లెక్కలు కాగితం మీద రాసిస్తే తడబడ్డారు. వలస నుంచి వచ్చిన పిల్లకు మొదటి వారం కిలోల కూడికతో మొదలుపెట్టి, 3/4 + 1/2 అని పక్కన రాసి, వెయ్యి హారం నుంచి నాలుగు హారానికి దింపితే తరగతిని అందుకోవడానికి దారి దొరుకుతుంది. రెండు వారాల పని, అంతే.

గుర్రాల లెక్క

మూడు హారాలు కలిసే సాధనకు జానపద లెక్క ఒకటి వాడుకలో ఉంది. కొందరు ఒంటెలతో చెబుతారు, కొందరు ఏనుగులతో. దసరాకు గుర్రాల స్వారీ జరిపే మద్దికెరలో గుర్రాలతోనే చెప్పాలి. ఒక పెద్దాయన 17 గుర్రాలు వదిలిపోయాడు: పెద్ద కొడుక్కి సగం, నడిమివాడికి మూడో వంతు, చిన్నవాడికి తొమ్మిదో వంతు. పదిహేడులో సగం ఎలా? పొరుగాయన తన గుర్రాన్ని తెచ్చి కలిపాడు, పద్దెనిమిదైంది. పెద్దవాడు తొమ్మిది, నడిమివాడు ఆరు, చిన్నవాడు రెండు తోలుకుపోయారు. ఒకటి మిగిలింది, అది పొరుగాయనదే.

పిల్లలు ముక్కున వేలేసుకుంటారు. అప్పుడు 1/2, 1/3, 1/9 కూడమనాలి. హారాలకు క.సా.గు. 18, లవాలు 9, 6, 2. మొత్తం 17/18. పెద్దాయన వంతులు మొదటి నుంచీ ఒకటికి సరిపోలేదు. పద్దెనిమిదింట ఒక వంతు ఎవరికీ రాయలేదు. పొరుగాయన గుర్రం నిలబడింది ఆ ఖాళీలోనే.